ఊయల పాఠం

“ఊయల ఆగిపోయిందంటే ఇక అస్సలు కదలనట్టేగా మాస్టారూ?” అడిగింది ఎదురుగా కూర్చున్న అమ్మాయి.

“నీ కంటికి అంతే. పాత భౌతికశాస్త్రమూ అదే అంటుంది. కానీ ఆ ఊయలను అణువంత చేసి చూడు. ఎంత చల్లబరిచినా దాని వణుకు పూర్తిగా పోదు. క్వాంటం లెక్కలో శక్తికి మెట్లుంటాయి. సున్నా అనే మెట్టు మాత్రం లేదు.”

పాఠం చెప్పడం మాస్టారికి కొట్టిన పిండి. కాలేజీలో ఆయన గొంతు చివరి బెంచీ దాకా ఖంగున మోగుతుంది. ఈరోజు మాత్రం మెల్లగా చెప్పమన్నారు. కదలకూడదట, మాట ఆగకూడదట. గది చల్లగా ఉంది. పైనుంచి లైట్ల వెలుగు. వెనకాల ఉన్నవాళ్లు ఆయనకు కనిపించరు, గుసగుసలే వినిపిస్తున్నాయి. భార్య బయట కూర్చుంది. “పాఠమేగా, మీ నోటికి అడ్డెవరు?” అని నవ్వుతూనే పంపింది గానీ, పట్టుకున్న చెయ్యి ఓ పట్టాన వదల్లేదు.

“మామూలు ఊయలకు మెట్లెక్కడున్నాయి మాస్టారూ?”

“ఉన్నాయమ్మా. ఊపు పెద్దదైతే దాని ముందు ఒక్కో మెట్టు ఎత్తు ఏ మూలకు? నున్నటి వాలులా కనిపిస్తుంది.”

“అయితే పాత లెక్క తప్పా?”

“తప్పని ఎవరన్నారు? పెద్ద ఊపు దగ్గర రెండూ ఒక్క మాట మీదకొస్తాయి. పిల్లలెక్కే... ఊగే... అది...”

మాట రాలేదు. వేలసార్లు పలికిన మాట! నాలుక చివరే ఉంది, బయటికి రానంటోంది. అమ్మాయి చటుక్కున చెయ్యెత్తింది. వెనక గుసగుసలు ఆగిపోయాయి.

“అటు వద్దు,” అంది ఓ మగగొంతు. “ఇటునుంచి వద్దాం.”

“కంగారేం లేదు మాస్టారూ. పిల్లలు దేంట్లో ఊగుతారు?”

ఆయన కళ్లు మూసుకున్నాడు. గది మొత్తం ఆయన నోటి మాట కోసం ఎదురుచూసింది.

“ఊయల! ఊయలే! రాసుకో, పరీక్షలో వస్తుంది.”

అమ్మాయి పకపకా నవ్వి, కళ్లు తుడుచుకుంది. “మరి దాన్ని వెతికితే ఎక్కడ దొరుకుతుంది?”

“పెద్ద ఊయల చివర్లలో నెమ్మదిస్తుంది, అందుకని ఎక్కువసేపు అక్కడే ఉంటుంది. అణువంతది అట్టడుగు మెట్టు మీదుంటే మధ్యలోనే ఎక్కువగా దొరుకుతుంది.”

“పూర్తిగా తలకిందులు!”

“తొందరపడకు. మెట్లెక్కించుకుంటూ పో. ఎక్కేకొద్దీ అదీ చివర్లకే జరుగుతుంది. పాతదీ కొత్తదీ చక్కగా దారికొస్తాయి.” ఈసారి ఒక్క మాట కూడా తడబడలేదు. “వచ్చే నెల క్లాసులో చెప్పబోయేది ఇదే. నువ్వూ రా.”

“కణితి మొత్తం వచ్చేసింది, ఇక పుర్రె మూసేద్దాం,” అన్నాడు వెనకనుంచి సర్జన్.