తలుపుకి ఇవతల

"తలుపు తియ్యి రుఫారో!"

ఆస్పత్రి బాత్రూమ్‌లో గడియ పెట్టుకుంది రుఫారో. పదిహేడేళ్ళ పిల్ల. చేతిలో బ్లేడు.

"మీరైనా అడగండి," అంది మోరీన్, ఆ పిల్ల తండ్రితో.

అతను తల దించుకున్నాడు.

"నేనడక్కూడదు డాక్టరమ్మా. మా జింబాబ్వే వాళ్ళలో ఆడపిల్ల కష్టం తండ్రికి చెప్పుకోదు. తేతేకే చెప్పుకుంటుంది. మేనత్తకన్నమాట. నాకు అక్కచెల్లెళ్ళు లేరు. డాక్టర్ మైదేయే మా పిల్లకి తేతే అయింది."

మళ్ళీ మైదే!

మోరీన్‌కి ఆ పేరు వింటేనే మంట. ఇరవై ఏళ్ళుగా ఇంగ్లండులో, ఈ లీడ్స్‌లో మనసు వైద్యం చేస్తోంది తను. నిన్నగాక మొన్న హరారే నుంచి దిగిన మైదే గది ముందు కుర్చీలు చాలేవి కావు. "ఆ నల్లావిడ మాకొద్దు, మోరీన్ కావాలి" అని గొడవ చేసినవాళ్ళు కూడా నెల తిరక్కుండా అటే వెళ్ళారు.

అది మాత్రం తట్టుకోలేకపోయింది.

పేరు చెప్పకుండా పై ఆఫీసుకి ఫోన్ చేసింది. "రోగులతో నేలమీద కూర్చుంటోంది. మేనత్తనంటూ నమ్మిస్తోంది. ఇది వైద్యమా, అడవి మంత్రాలా?"

మైదే ఉద్యోగం పోయింది. దాంతో వీసా పోయింది. నిన్ననే విమానమెక్కింది.

"తేతే వస్తేనే తీస్తా!" లోపల్నుంచి అరిచింది రుఫారో.

"ఆవిడ లేదు. నేనున్నాగా."

"మీరెవరు?"

"డాక్టర్ని."

"నిలబడి మాట్లాడుతున్నారు కదూ? గొంతు పైనుంచి వస్తోంది. పోలీసులా."

మోరీన్ తలుపు దగ్గరికి జరిగింది. తర్వాత చలువరాతి నేలమీద చతికిలబడింది.

"కూర్చున్నాను."

లోపల ఏడుపు కాస్త తగ్గింది.

"తేతే వెళ్తూ ఒక మాట చెప్పింది. 'నేను లేకపోయినా మోరీన్ ఉంది. ఈ ఊళ్ళో నాకు అక్కంటూ ఉంటే ఆవిడే. భయపడకుండా వెళ్ళు' అంది. తేతే అక్కంటే నాకూ తేతేయే. ఆవిణ్ణి పిలవండి."

"రుఫారో, విను..." మొదలుపెట్టింది మోరీన్.

"ఆగండి! ముందు ఇంకోటి చెప్పండి. మా తేతేని వెళ్ళగొట్టిందెవరు? పేరు కావాలి నాకు. అబద్ధమాడితే గొంతు వినే కనిపెట్టేస్తా. ఇంక ఈ తలుపు తియ్యను."

నిజం చెబితే, ఆ పిల్లకి మిగిలిన ఒక్క తేతే కూడా పోతుంది.

తండ్రి కళ్ళు మోరీన్ మీదే ఉన్నాయి.

ఆమె నుదురు తలుపుకి ఆనించింది.

"నువ్వు పిలవమన్న మనిషీ, నువ్వు పేరడిగిన మనిషీ ఒక్కరే రుఫారో," అంది. "మోరీన్. నేనే."