నెమలిబోడు మాటలు

"నెమలిబోడు సరిగ్గ నడుమ పడ్డది సార్!"

అరుణ బల్ల మీద పరచిన గ్రాఫు కాగితం దగ్గర సారంగపాణి చూపు ఆగిపోయింది. ఎడమ పక్క, ఐదేళ్ల కింద పరిశోధన చేస్తున్నప్పుడు అతను గీసిన చెట్టు. ములుగు అడవి పక్క ఇరవై నాలుగు ఊళ్లు, ఊరికి రెండు వందల మాటలు. ఏ ఊరి మాట ఏ ఊరికి దగ్గరో లెక్కగట్టి గీసిన కొమ్మలు. కుడి పక్క అరుణ చెట్టు. అవే ఊళ్లు, మాటలకు బదులు అక్కడి మనుషుల నెత్తురు గ్రూపులు. జువాలజీలో ఆమె పరిశోధన అదే: మాట నడిచిన దారిలోనే నెత్తురూ నడిచిందా అని.

"కడమ ఊర్లన్ని జర అటో ఇటో జరిగినయి. ఇదొక్కటే గీత మీద గీత పడ్డది. కిషన్ రావు సార్ చూసి చాయ్ తెప్పిచ్చిండు తెలుసా? ఆయన ఒకలకు చాయ్ తాపుడు డిపార్టుమెంటుల ఎవ్వలన్న చూసిన్రా?"

సారంగపాణి నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

అతను నెమలిబోడుకు ఎన్నడూ పోలేదు.

ఆ రోజు వాన. ములుగులో బస్సు దిగి, మధ్యాహ్నం దాకా జీపు కోసం చూసి, తిరుగు బస్సెక్కాడు. అంతే. జ్వరం వచ్చి ఉంటే బాగుండునని తరువాత చాలాసార్లు అనుకున్నాడు. ఆ ఊరు వదిలేస్తానంటే లెక్కల ప్రొఫెసర్ కిషన్ రావు ఒప్పుకునే మనిషి కాదు. నిజాం కాలపు నక్షాలో ఊళ్లకు నంబర్లు వేసి, అంకెల పట్టికలో కళ్లు మూసుకుని వేలు పెట్టి, ఏ అంకె తగిలితే ఆ ఊరు ఏరేవాడు. "అంకె ఏరిన ఊరును మార్చొద్దు. మనకు పోనీకి అల్కగున్న ఊరు మనమే ఏరుకుంటె అది లెక్క గాదు, దొంగతనం," అనేవాడు.

దొంగతనం ఇంకో రకంగా జరిగింది. కాశిబుగ్గ ఇంట్లో, తండ్రి మగ్గం చప్పుడు వింటూ, నెమలిబోడుకు ఇటు పక్క ఊరి మాటలు సగం, అటు పక్క ఊరివి సగం తీసి రాసేశాడు. ఆ మాటలను కార్డుల మీద చిల్లులుగా కొట్టించి హైదరాబాదు పంపితే, అక్కడి కంప్యూటరు నెమలిబోడును ఆ రెండూళ్లకు సరిగ్గా నడుమ పెట్టింది. పెట్టకేం చేస్తుంది?

కాని నెత్తురు ఎందుకు నడుమ పడింది?

"నువ్వు ఆడికి పోయినవా అమ్మా?" అన్నాడు.

అరుణ కాగితం చుట్టసాగింది. "పోకుంటె నెత్తురెట్లొస్తది సార్? నలభై మందిది. ఐసు డబ్బ సంకల పెట్టుకొని పోయిన." చుడుతూనే, "మీరు పోయిననాడు తొవ్వ ఎట్లుండె సార్?" అంది.

"వాగు దాటాలె గద." అడవి ఊరు, వాగు ఉండకపోదు.

"అవ్ సార్, వాగు. మోకాళ్ల దాక నీళ్లు." ఆమె తలెత్తలేదు. "సమ్మమ్మ అని ఒక ముసలామె మిమ్ముల యాది చేసింది. మాటలు రాస్కపోయిన పంతులు మంచోడన్నది."

ఎన్నడూ చూడని మనిషి ఇచ్చిన ఆ మంచి పేరు వింటూ సారంగపాణి బల్ల మీది పుస్తకాలు సర్దసాగాడు.

"సోమవారం థీసిస్ ఇస్తాన. మొదటి పేజీల మీ పేరే రాసిన. డిగ్రీల మీరు పాఠం చెప్పకుంటె నేనీడిదాక వస్తుంటినా? మీ లెక్క తప్పని ఒక్కలు అనొద్దు సార్. అదే నా పట్టు."

ఆ రాత్రి అన్నం ముందు కూర్చున్న కొడుకును వెంకటరాజం చాలాసేపు చూశాడు. "గెలుకుతానవేందిరా? పానం బాగలేదా?"

"బాగనే ఉన్న బాపు."

"బాగున్నోడు పప్పుల తొక్కు గలుపుకొని మల్ల పప్పు పోసుకుంటడా?"

నిజం చెబితే అరుణ మూడేళ్ల కష్టం పోతుంది. చెప్పకపోతే ఆమె కష్టం ఒక అబద్ధం మీద నిలబడుతుంది. పడుకున్నాక అతనికి మూడో దారి తోచింది. ఆదివారం నెమలిబోడుకు పోవాలి. రెండు వందల మాటలూ నిజంగా అడిగి రాయాలి. అవి కూడా నడుమనే పడితే, అబద్ధం చప్పుడు లేకుండా నిజమైపోతుంది. పడకపోతే సోమవారం పొద్దున్నే కిషన్ రావు ముందు నిలబడాలి. ఆలస్యంగా పోయినా పోయినట్టే కదా అని తనకు తాను చెప్పుకున్నాడు. ఇటువంటి మాటలు తనకు ఎంత సులువుగా తోస్తాయో గమనించి భయపడ్డాడు.

ఆదివారం జీపు దింపిన చోటు నుంచి రెండు గంటలు నడిచాడు. దారిలో వాగు రాలేదు. తొవ్వ తప్పానేమో అనుకుంటుండగా, మోదుగు చెట్టు కింద తునికాకు కట్టలు కడుతున్న ముసలామె కనిపించింది. పేరడిగితే మొగిలమ్మ అంది.

"అవ్వా, నెమలిబోడుకు ఇదే తొవ్వనా?"

"ఇదే. ఎవల కోసం బిడ్డా?"

"సమ్మమ్మ కోసం. ఆమె దగ్గర ఒక తప్పు ఒప్పుకునేదున్నది."

మొగిలమ్మ చేతిలోని కట్ట కింద పెట్టి అతన్ని కిందికీ మీదికీ చూసింది.

"ఏ సమ్మమ్మ? గత్తర రోగమొచ్చి ఆ ఊరు ఎత్తిపోయి ముప్పై ఏండ్లాయె. మొండిగోడలున్నయి, పో, చూసి రా. మనిషన్నోడు లేడు."

సారంగపాణి ఆ చెట్టు నీడలోనే కూర్చున్నాడు. నలభై మంది నెత్తురు. మోకాళ్ల దాకా నీళ్లు. అరుణ కూడా ఇంట్లోనే కూర్చుని రాసిందన్నమాట. అతనికి మొదట వచ్చింది కోపం కాదు, ఊరట. ఆమె కూడా తన లాంటిదే. ఇక ఆమె ముందు తల దించుకోనక్కరలేదు.

మొగిలమ్మ మళ్లీ కట్ట అందుకుంది.

"నిరుడు ఐసు డబ్బ పట్టుకొనొచ్చిన పిల్లకు గూడ గిదే చెప్పిన."