గేటు బయట హాజరు

ఆ ఉదయం ఆ అమ్మాయి గేటు పుస్తకంలో 'దోమ' అని సంతకం పెట్టింది.

గేటు తాత పుస్తకాన్ని తనవైపు తిప్పుకున్నాడు. కళ్లజోడు సర్దుకున్నాడు. హత్యకేసులో తీర్పు చదివే జడ్జిలా చాలాసేపు చూశాడు.

"సరే" అని పక్కన టైము వేశాడు. 8.40.

అమ్మాయిది పదో తరగతి. తలమీద గుడ్డ ఉంటే లోపలికి రాకూడదని బడివాళ్లు కొత్త రూలు పెట్టారు. ఆమె తియ్యనంది. వాళ్లు రానిచ్చేది లేదన్నారు. కేసు కోర్టుకెక్కింది.

గుడ్డ పొడవు రెండు మూరలు. దాని మీద నడిచిన కాగితాలు పరిస్తే రెండు మైళ్లు.

"తీర్పు వచ్చేదాకా రోజూ వెళ్లి గేటు దగ్గర నిలబడు" అని చెప్పింది లాయరమ్మ. "పిల్లే బడి మానేసిందన్న మాట రాకూడదు."

ఆమె రోజూ వెళ్లేది. తాత రోజూ గేటు మూసేవాడు. మూశాక ఊచల మధ్యనుంచి పుస్తకం చాపేవాడు.

"పేరు రాయి తల్లీ."

"లోపలికి రానివ్వవు గదా. పేరెందుకు?"

"నువ్వొచ్చినట్టు. ఉంటే నీకే మంచిది."

"నన్ను గెంటేసినట్టు గుర్తు నాకెందుకు తాతా? ఫ్రేము కట్టించుకోనా?"

తాత నవ్వలేదు. ఆయన ఆఖరిసారి నవ్వినప్పుడు బడికి సెలవిచ్చారని పిల్లలు చెప్పుకునేవాళ్లు.

తన మీద సాక్ష్యం పోగేస్తున్నాడని ఆమెకు గట్టి నమ్మకం. అందుకే సొంత పేరు ఒక్కరోజూ రాయలేదు.

దోమ తర్వాత 'మహారాణి'. మర్నాడు 'నీ మీసం'. వాన కురిసిన రోజు 'కప్ప'.

ఆ రోజు తాత తన గొడుగు ఊచల్లోంచి బయటికి తోశాడు. ఆమె ముట్టుకోలేదు. గొడుగును మధ్యలో పెట్టుకుని ఇద్దరూ తడిశారు.

"ఏం రాసినా ఉలకడు పలకడు. ఆయన్ని రాయితో చేశారమ్మా" అంది ఇంటికొచ్చి తల్లితో. "మీసం తర్వాత అతికించారు."

"పెద్దాయనతో ఆ పరాచికాలేంటే?"

"పెద్దాయనా? వాళ్ల మనిషి."

నాలుగు నెలలు గడిచాయి. ఒక సోమవారం గేటు దగ్గర కొత్త మనిషి కనిపించాడు. పుస్తకం లేదు, సంతకం లేదు. పీడ వదిలిందనుకుంది.

ఆ నెలాఖర్న కోర్టులో బడి తరఫు లాయరు లేచాడు.

"కేసు వేసినప్పట్నుంచి ఆ అమ్మాయి ఒక్కరోజూ బడి మొహం చూడలేదండీ. హాజరు లేకుండా పరీక్షకెలా కూర్చోబెడతాం?"

"రోజూ వచ్చిందండీ" అంది లాయరమ్మ.

"వచ్చి వెనక్కి వెళ్లినట్టు రుజువుంటే ఆ రోజులన్నీ హాజరు కిందే లెక్కేస్తాను" అన్నాడు జడ్జి. "రేపటిలోగా చూపించండి."

"పుస్తకం ఉంది!" అమ్మాయి లాయరమ్మ చెయ్యి పట్టుకుంది. మరుక్షణం తను అందులో రాసిన పేర్లు గుర్తొచ్చాయి.

బడిలో అడిగారు. గేటు దగ్గర అలాంటి పుస్తకమే పెట్టలేదన్నారు.

తాత అద్దెకున్న గదికి వెళ్లారు. ఇంటావిడ తాళం తీసింది.

"ఆలస్యం చేశారమ్మా. పోయిన గురువారం చనిపోయాడు. ఉద్యోగం పోయాక నెల కూడా బతకలేదు."

ఒక మంచం, ఒక కుర్చీ, ఆ గొడుగు. దిండు కింద పుస్తకం. దాని మీద బడి ముద్ర లేదు. ఆయన సొంతంగా కొనుక్కున్నది.

లాయరమ్మ పేజీలు తిప్పింది. తేదీలున్నాయి. టైములున్నాయి.

"దోమ... మహారాణి... కప్ప... నీ పేరేదమ్మా?"

"అన్నీ నేనే" అంది అమ్మాయి.

"ఇవన్నీ చదివి ఆయనేమీ అనలేదా?"

"ఆయనేం చదువుతాడు?" అంది ఇంటావిడ. "అంకెలు తప్ప అక్షరం రాదు. పిల్లలకి తెలియనిచ్చేవాడు కాదంతే. ఆ పిల్ల చేతిరాత ముత్యాల్లా ఉంటుందమ్మా అని రోజూ నాకు తెచ్చి చూపించబోయేవాడు. నాకేమో వంటపని. ఒక్కరోజూ చూడలేదు."

"మరి ఉద్యోగం ఎందుకు తీసేశారు?"

"బడివాళ్లు ఏదో కాగితం ఇచ్చారు. అది మాత్రం మా అబ్బాయిని కూర్చోబెట్టి మూడుసార్లు చదివించుకున్నాడు. మర్నాడు పనిలోకి రావద్దన్నారు."

కాగితం పుస్తకం చివర మడతపెట్టి ఉంది.

'ఆ అమ్మాయి ఒక్కరోజు కూడా గేటు దగ్గరికి రాలేదని ప్రమాణపూర్వకంగా చెబుతున్నాను' అని టైపు చేసి ఉంది. కింద వేలిముద్ర వెయ్యాల్సిన చోటు తెల్లగా, ఖాళీగా ఉంది.