ఫోన్‌లో వినబడ్డ గొంతు

కావ్యశ్రీ మెట్ల మీది మంచును పారతో పక్కకు తోస్తోంది.

తల ఎత్తేసరికి ఎదురుగా ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు.

తెల్లాయన. నెత్తిన టోపీ లేదు. జుట్టు మీద పడుతున్న మంచును దులుపుకోవడం లేదు. ఇంటి కిటికీ వైపే చూస్తున్నాడు. పెదవులు మాత్రం కదులుతున్నాయి.

"ఎవరు కావాలండీ?" అంది ఇంగ్లీషులో.

"విష్ణు భార్య."

కావ్యశ్రీ చేతిలో పార ఆగిపోయింది.

విష్ణు ఆమె బావ. కిందటి వారం కెనడాలో వాళ్ళుండే విన్నిపెగ్ ఊరి బయట హైవే మీద ఒక ట్రక్కు ఐసు మీద జారి ముందున్న కార్లను గుద్దేసింది. అందులో ఒకటి విష్ణుది.

అప్పటినుంచి అక్క ప్రియ ఆ కిటికీ పక్క కుర్చీలోంచి లేవడం లేదు. తిండి లేదు. ఏడుపూ లేదు.

మొదటి రోజు మాత్రం ఒక సంగతి చెప్పింది.

ప్రమాదం జరిగినప్పుడు విష్ణు కారు స్పీకర్లో తనతోనే మాట్లాడుతున్నాడట. పెద్ద చప్పుడు. తర్వాత మూలుగు. ఆ తర్వాత ఎవరిదో గొంతు. తెలుగు కాదు, ఇంగ్లీషు కాదు. నెమ్మదిగా, ఆగకుండా, మంత్రం చదివినట్టు. ఆ గొంతు వినబడుతుండగానే మూలుగు ఆగిపోయింది.

"ఆ గొంతే తీసుకుపోయిందే ఆయన్ని," అంది ప్రియ.

"షాక్‌లో ఉంది, మాట్లాడించకండి," అన్నాడు బర్నబీ నుంచి వచ్చిన విష్ణు బాబాయి సుబ్బరాజు. అన్నాడే గాని, ఆ సాయంత్రమే గుమ్మానికి నిమ్మకాయలు కట్టాడు.

"మీరు చర్చి నుంచి వచ్చారా?" అని ముసలాయన్ని అడిగింది కావ్యశ్రీ.

"కాదమ్మా. స్కూల్లో లాటిన్ చెప్పేవాణ్ణి."

"అక్క ఎవరితోనూ మాట్లాడటం లేదండీ."

"ఆమె మాట్లాడక్కర్లేదు. నేను మాట్లాడితే చాలు. లాటిన్‌లో ఓదార్పుకి చాలా మాటలున్నాయి. సొలాకియుమ్ అంటే బాధను కాస్త తగ్గించేది. కోన్సోలాతియో అంటే ఊరడించడం. నేను క్లాసులో అన్నిటికన్నా ఇష్టంగా చెప్పింది అల్లోక్వియుమ్. ఊరికే దగ్గరికెళ్ళి మాట్లాడటం. ఆ కాలం వాళ్ళకి అదే ఓదార్పు."

చావింటికి వెళ్ళడాన్ని తమ ఊళ్ళోనూ పలకరించి రావడమనే అంటారని కావ్యశ్రీకి గుర్తొచ్చింది.

"మాట అర్థం కాకపోతే?"

"అర్థం కాకపోయినా వింటారు. నాకు తెలుసు."

ఆయన కిటికీకి దగ్గరగా జరిగి మళ్ళీ మొదలుపెట్టాడు. నెమ్మదిగా. ఆగకుండా. చలికి నోట్లోంచి ఆవిరి వస్తోంది. ఆ మాటలు ఎవరితో అంటున్నాడో తెలియడం లేదు.



లోపల కుర్చీ దబ్బున పడింది.

"అదే! అదే గొంతు!" ప్రియ కేకలు పెడుతోంది. "కావ్యా, లోపలికొచ్చెయ్యవే! ఇంటికొచ్చేసింది!"

తలుపు తెరుచుకుని సుబ్బరాజు ఊడిపడ్డాడు.

"ఎవడయ్యా నువ్వు? గో! గో!"

"ఒక్క నిమిషం. ఆమెకి ఒక విషయం తెలియాలి..."

"ఏం తెలియక్కర్లేదు. మా దేవుళ్ళు మాకున్నారు. వెళ్తావా, పోలీసుల్ని పిలవమంటావా?"

ముసలాయన కిటికీ వైపు ఒకసారి చూసి, తల ఊపి, వెనుదిరిగాడు.

సుబ్బరాజు గుమ్మం పక్క సంచీలోంచి గుప్పెడు ఉప్పు తీసి ఆయన వెనకాలే విసిరాడు.

"అంకుల్, అది మెట్ల మీద ఐసు కరగడానికి తెచ్చిందండీ."

"ఉప్పు ఉప్పేనమ్మా. లోపలికి పద."

కాసేపటికి పోలీసులు పిలవకుండానే వచ్చారు. వాళ్ళలో ఒకావిడ విష్ణు ఫోనూ ఉంగరమూ తిరిగి ఇవ్వడానికి వచ్చింది.

సుబ్బరాజు వెంటనే మొదలుపెట్టాడు. "సమయానికి వచ్చారు మేడమ్. ఇందాక ఎవడో ముసలాడు వచ్చి మా అమ్మాయిని హడలగొట్టాడు. ఏవో మంత్రాలు చదువుతున్నాడు."

ఆవిడ టోపీ తీసి చేత్తో పట్టుకుంది.

"లాటిన్ టీచరా? పంపించేశారా ఆయన్ని?"



ఆవిడ ప్రియ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఆ రోజు మేము వెళ్ళేసరికి మీ ఆయన కారు పక్కన ఆ పెద్దాయన ఇలాగే కూర్చుని ఉన్నారు. తలుపు ఇరుక్కుపోయింది. పగిలిన అద్దంలోంచి చెయ్యి పెట్టి, మీ ఆయన చెయ్యి పట్టుకుని, ఆపకుండా మాట్లాడుతున్నారు. కంగారులో నోటికి లాటినే వచ్చిందట. మీ ఆయన ఆ చెయ్యి వదల్లేదు. మేమే విడదీశాం."

ప్రియ మొదటిసారి ఆవిడ ముఖంలోకి చూసింది.

"అయితే... విష్ణు ఒంటరిగా పోలేదా?"

"లేదు. చివరిదాకా ఆ పెద్దాయన పక్కనే ఉన్నారు."

ప్రియ ఏడ్చింది. వారం రోజులుగా ఇల్లంతా ఎదురుచూసిన ఏడుపు. కావ్యశ్రీ అక్క వీపు నిమురుతూ అడిగింది.

"ఆయన దారినపోతూ ఆగారా?"

"లేదు. ట్రక్కు గుద్దిన రెండో కారు ఆయనదే. పక్క సీట్లో ఆయన భార్య అప్పటికే చనిపోయారు. ఇంకో కారులోంచి మూలుగు వినబడి ఇటు వచ్చారు. పొద్దున ఆమె అంత్యక్రియలకు నేనూ వెళ్ళాను. అయిపోగానే నా దగ్గరికొచ్చి, మీ ఇంటికి ఎటు వెళ్ళాలని అడిగారు."



ప్రియ లేచింది.

"అమ్మాయ్, మైలలో ఉన్నాం, గడప దాటకూడదు..." అని సుబ్బరాజు గొణుగుతూనే ఉన్నాడు. ఆమె కొక్కేనికి ఉన్న విష్ణు కోటు తీసి తొడుక్కుని, ముసలాయన అడుగుజాడల వెంట మంచులోకి వెళ్ళిపోయింది.