విషయం: రేఖ తిరిగి రావడం గురించి

రాజాంలో ఎరువుల దుకాణం నడిపే గోపి వ్యాపార లేఖల క్లాసులో చేరింది కంపెనీలకు ఉత్తరాలు రాయడానికేనని అందరూ అనుకున్నారు. పాఠం చెప్పే నారాయణమూర్తి మేష్టారికి మాత్రం రెండో ఆదివారమే అసలు సంగతి చెప్పేశాడు.

ఉత్తరం రాయాల్సింది అతని భార్య రేఖకి. దుకాణంలో రైతుల ముందు “నీకేటి తెలుసు, ఊరుకో” అన్నందుకు ఆమె నౌపడలో పుట్టింటికి వెళ్లిపోయి నెలన్నరైంది. ఫోన్ ఎత్తడం లేదు. ఎత్తినా గోపి అరుస్తాడు, అది వేరే సంగతి. ఏదున్నా కాగితం మీద రాసి పంపమని వాళ్లమ్మ చేత కబురు పెట్టింది. గోపికి బిల్లు తప్ప ఇంకేదీ రాయడం రాదు. రేఖ లేని ఇంట్లో అన్నం సహించడం లేదు.

మేష్టారు నవ్వలేదు. జూట్ మిల్లు ఆఫీసులో ముప్పై ఏళ్లు ఉత్తరాలు రాసి రిటైరైన మనిషి. “ముందు తేదీ వెయ్యి. విషయం రాయి. మొదటి పేరాలోనే తప్పు ఒప్పుకో. సాకులు సెప్పకు” అన్నారు.

గోపి అలాగే రాశాడు. వారం తిరక్కుండా జవాబొచ్చింది. క్షమాపణ అందిందట. ఇకముందు అలా జరగకుండా ఏ చర్యలు తీసుకుంటారో మాత్రం అందులో లేదట. కోపమొస్తే గిన్నెలు విసిరే రేఖేనా ఇది?

ఉత్తరం పట్టుకుని మేష్టారి దగ్గరికి పరిగెత్తాడు. ఆయన రెండుసార్లు చదివి, బాగా రాసిందని మెచ్చుకున్నారు కూడా. గోపికి ఒళ్లు మండింది.

“మీరు ఎవులి పక్క మేష్టారూ?”

“ఉత్తరం పక్క” అన్నారాయన.

అలా ఉత్తరాలు నడిచాయి. కౌంటర్ దగ్గర కుర్చీ వేయిస్తానన్నాడు గోపి. ఏ సరుకు తెప్పించాలో కూడా తనే చెబుతానంది రేఖ. సరేనన్నాడు. దుకాణం బోర్డు మీద తన పేరుండాలంది. అక్కడ గోపి మొండికేశాడు. మేష్టారు నచ్చజెప్పగా నచ్చజెప్పగా, తన పేరు కింద ఆమె పేరు వేయిస్తానని రాశాడు. ‘మీ ప్రతిపాదన పరిశీలనలో ఉంది’ అని వచ్చింది జవాబు.

పరిశీలనట, పరిశీలన. గోపికి ఓపిక చచ్చిపోయింది. తనే నౌపడ వెళ్లి పిలుచుకొస్తానన్నాడు. మేష్టారు గట్టిగా వద్దన్నారు. ఎదురుపడితే మళ్లీ అరుపులే మిగులుతాయన్నారు. గోపి బుద్ధిగా తలూపి, గురువారం దుకాణానికి తాళం వేసి బస్సెక్కేశాడు.

ఇంట్లో అత్త జగ్గమ్మ ఒక్కతే ఉంది. అల్లుణ్ణి చూసి తడబడుతూ మంచినీళ్లిచ్చింది. “రేఖ ఇంట్లో లేదు బాబూ. టేసను ఎనక హాల్లో ఉన్నాది. కూకో, వచ్చేస్తాది” అంది. గోపి కూర్చుంటేగా.

హాలు కిటికీలోంచి తొంగిచూశాడు. పాతికమంది ఆడవాళ్లు వరసగా కూర్చున్నారు. ముందు వరసలో రేఖ పెన్ను కొరుకుతోంది. బాగా చిక్కిపోయింది. కళ్లు తుడుచుకుంటోంది కూడా. గోపి గుండె కరిగిపోయింది. బోర్డు మీద ఆమె పేరొక్కటే వేయించినా పరవాలేదనిపించింది. పిలవబోయాడు.

అంతలో లోపల్నుంచి నారాయణమూర్తి మేష్టారి గొంతు వినిపించింది: “అప్పుడే మెత్తబడిపోకు రేఖమ్మా, ఇంకొక్క ఉత్తరం గట్టిగా రాయి, నీ పేరు పైన వెయ్యడానికి గోపిని ఆదివారం నేను ఒప్పిస్తాను.”