పదో గడి

ముసలాయన సైకిల్‌ని మెట్లెక్కించి, ఏకంగా ఆఫీసు లోపలికే తోసుకొచ్చాడు.

"అయ్యో, ఇదేంటి తాతగారూ! బయట పెట్టి రండి," అంది కౌంటర్లో ఉన్న గుమాస్తా.

"లైసెన్సు దీనికే కదమ్మా. మొహం చూడకుండా ఎలా ఇస్తారు?"

వరసలో ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు.

"సైకిల్‌కి లైసెన్సేంటండీ, విడ్డూరం కాకపోతే! రేపు చెప్పులకి కూడా అడుగుతారు," అన్నాడు వెనకనుంచి ఒకాయన.

ఆమె నవ్వలేదు.

సైకిళ్ళకి లైసెన్సు ఉండాలనే ఈ కొత్త చట్టం అంటే ఆమెకి ప్రాణం. పోయినేడాది వీధి మలుపులో ఎవడో సైకిల్‌తో వాళ్ళమ్మని గుద్ది, వెనక్కి కూడా చూడకుండా పోయాడు. తుంటి విరిగిన ఆవిడ మళ్ళీ మంచం దిగలేదు. నంబరా పాడా, ఎక్కడని వెతుకుతామని పోలీసులు చేతులెత్తేశారు. సైకిళ్ళకి నంబర్లు పెట్టాలని అప్పుడు ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పోగుచేసినవాళ్ళలో ఈమె కూడా ఉంది.

ఫారం నింపడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తుంటారు?"

"గొడుగులు బాగుచేసేవాణ్ణి. ఇప్పుడెవరు బాగుచేయించుకుంటున్నారు? పాడైతే కొత్తది కొనుక్కుంటున్నారు."

"మరి సైకిల్ ఎందుకు?"

"మధ్యాహ్నం ఒక చోటికి వెళ్ళొస్తానమ్మా. మోకాళ్ళు నడవనివ్వవు."

పదో గడికి వచ్చింది. ఇంతకుముందు ఏదైనా ప్రమాదం చేశారా అని ఉంటుంది అందులో. ఈ వారంలో ఆ గడిలో నూట పన్నెండు సార్లు 'లేదు' అని రాసింది. తలెత్తకుండానే అడిగింది.

"ప్రమాదాలేం లేవుగా?"

"ఉందమ్మా. ఒకసారి ఒకావిడని గుద్దేశాను. భయమేసి ఆగకుండా వెళ్ళిపోయాను."

వరసలో నవ్వులు ఆగిపోయాయి.

"లేదని చెప్పేస్తే పోయేది కదయ్యా," అని గొణిగాడు వెనకాయన.

"అడిగారు కదా మరి," అన్నాడు ముసలాయన.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఎక్కడ, ఎప్పుడు అని కూడా అడగలేదు. ఇలాంటివాడే, అచ్చం ఇలాంటివాడే మా అమ్మని మంచాన పడేశాడు అనుకుంది. ఫారాన్ని నిలువునా చింపి బుట్టలో పడేసింది.

"మీకు లైసెన్సు రాదు. సైకిల్ ఇక్కడే ఉంటుంది."

"మధ్యాహ్నం ఒక్క గంట ఇవ్వండమ్మా. మళ్ళీ తెచ్చి అప్పజెప్పేస్తాను."

"గుద్దినప్పుడు ఆగి ఉండాల్సింది."

ఆయన జేబురుమాలుతో సీటు తుడిచి, సైకిల్‌ని గోడకి ఆనించి, మెట్లు ఒక్కొక్కటే దిగి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఆమె ఇంటికెళ్ళేసరికి వీధివైపు కిటికీ మూసి ఉంది. రోజూ తీసి ఉండేది; తలుపు దగ్గరగా వేసి వెళ్తుంది గనక పక్కింటి పిన్నిగారు వచ్చి తీస్తున్నారనుకునేది. మర్నాడూ మూసే ఉంది.

తల్లి సరిగ్గా తినడం లేదు. అడిగితే "ఆకలి లేదే" అని గోడవైపు తిరుగుతోంది.

ఇంట్లో ఉండేది ఇద్దరే. పొద్దున్న ఆఫీసు, సాయంత్రం వంట. మధ్యలో మాటలంటే "మందు వేసుకున్నావా?", "వేసుకున్నా." ఆ కాస్తా కూడా పోయేసరికి ఇల్లు బావురుమంది.

నాలుగో రోజు మధ్యాహ్నం సెలవు పెట్టి వచ్చి, పక్కింటి పిన్నిగారిని అడిగింది.

"కిటికీ తీయడం మానేశారేంటి పిన్నిగారూ? మా మీద కోపమా?"

"నేనెప్పుడు తీశానమ్మాయ్? తీసేది మీ చుట్టమాయన కదూ! ఏడాదిగా రోజూ మధ్యాహ్నం సైకిల్ మీద వస్తాడు చూడు, ఆ గొడుగులాయన. మీ అమ్మా ఆయనా ఒకటే నవ్వులు. నాలుగు రోజులైందిలే కనపడి."

ఆమె పిన్నిగారి చెయ్యి పట్టుకుంది.

"ఎక్కడుంటాడు ఆయన?"

"బాగుంది! మీ చుట్టం ఎక్కడుంటాడో నన్నడుగుతావేంటి?"

పరుగున ఆఫీసుకెళ్ళింది. ఆయన పేరూ ఇల్లూ రాసిన ఫారం ఇక దొరకదు; చెత్తబుట్ట ఏ రోజుకారోజు ఖాళీ చేస్తారు. సైకిల్ మాత్రం గోడకి ఆనించి అలాగే ఉంది. ముందు చూసింది, వెనక చూసింది. దాని మీద నంబరేం లేదు.

ఇంటికొచ్చి తల్లి మంచం పక్కన కూలబడింది.

"అమ్మా, ఆ సైకిలాయన ఎవరే? పేరేంటి? ఇల్లెక్కడ?"

"అవన్నీ నేనడగలేదు. గొడుగాయనా అని పిలిచేదాన్ని."

"ఏడాదిగా మనింటికి వస్తుంటే నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే స్టేషన్‌కి ఈడ్చేదానివి."

"నేనెందుకు ఈడుస్తాను?"

మూసి ఉన్న కిటికీ వైపు చూసింది తల్లి.

"నన్ను గుద్దింది అతనేనే... ఈ ఏడాదంతా రోజూ నా పక్కన కూర్చుని మాట్లాడిందీ అతనొక్కడే."