కారు ఉండే ఊరు

“అదే కారు, అదే ఇంజను. ఊరు మారితే ప్రీమియంలో ఇంత తేడానా?” అన్నాడు రిటైరైన క్లెయిముల ఆఫీసరు, కళ్లజోడు సర్దుకుంటూ.

“రేవు పట్నంలో వరదలు, దొంగలు సార్. ఇక్కడ నూరు రూపాయలైతే అక్కడ నూట ఇరవై. కొండ మీది ఊళ్లో నలభయ్యే,” అంది బీమా ఆఫీసు కౌంటర్లో ఉన్నామె. “అక్కడ గుద్దుకోడానికి రెండో కారుండాలిగా!”

ఆయన పడీపడీ నవ్వాడు. “కొండ మీద మా బావమరిది ఉన్నాడులే. ఆ అడ్రసు వేసెయ్యమ్మా.”

“రాత్రిళ్లు కారు అక్కడే ఉంటుందా సార్?” అని అడగడం ఆమె ఉద్యోగ ధర్మం. అడగలేదు. పదహారేళ్ల కడుపుమంట ఆమె చేత గబగబా టైపు చేయించింది.

“సర్వీసులో ఎంతమందిని పట్టుకున్నానో! నన్ను పట్టుకునేవాడు ఇంకా పుట్టలేదు,” అన్నాడాయన గొప్పగా, సంతకం గిలికేస్తూ.

ఆమె నాన్న టాక్సీ కాలిపోయినప్పుడు “అడ్రసు తప్పు. పైసా రాదు” అని ఫైలు మూసేసింది ఈ పెద్దమనిషే. టాక్సీ తిరిగేది ఇక్కడ, ఫారంలో ఉన్నది అత్తయ్య వాళ్ల ఊరు. ఆ తర్వాత నాన్న గోదాముల్లో మూటలు మోసి నడుం పోగొట్టుకున్నాడు. ఆమె మొహం ఈయనకు తెలియదు. ఈయన గొంతు మాత్రం ఆమె మరిచిపోలేదు.

ఎనిమిది నెలలకు ఆయన ఇంటి పక్క గోడ కూలి కారు నుజ్జునుజ్జయింది. కాగితాలు పట్టుకుని వచ్చాడు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

“అడ్రసు తప్పు సార్. పైసా రాదు.” ఆయన మాటలే, ఆయన విరుపుతోనే.

“ఏంటమ్మా, తెలిసి తెలిసి...”

“తెలిసే. ఈ రోజు కోసమే కాచుక్కూర్చున్నా. కాలిపోయిన తెల్ల టాక్సీ గుర్తుందా? అది మా నాన్నది. మా ఇంటిల్లిపాదినీ రోడ్డున పడేశారు మీరు.”

ఆయన కళ్లజోడు తీసి ఆమె మొహంలోకి చూశాడు.

“గుర్తు లేకేం? మీ నాన్నకి సంతకం తప్ప అక్షరమ్ముక్క రాదు. ఫారంలో చూస్తే ముత్యాల్లాంటి అక్షరాలు. ‘ఎవరు రాశారో చెప్పవయ్యా, తప్పు వాళ్ల మీదికి తోసి నీ డబ్బు నీకిప్పిస్తా’ అని మూడుసార్లు పిలిచి అడిగాను.”

“ఏమన్నాడు?” అడిగిందామె.

“నేనే రాశానని మొండికేశాడు. చచ్చినా పేరు చెప్పలేదు.”

తొమ్మిదో తరగతిలో ఆ ఫారం నింపింది ఆమే.